ఆర్బిట్రేటర్ మీద నమ్మకం లేకపోతే కోర్టు మెట్లు ఎప్పుడు ఎక్కాలి

రిజిస్టర్డ్ పోస్టులో వచ్చిన కవరును వెనక్కి పంపకండి. లారీ లోను కట్టలేకపోయినవాళ్లు, జామీను సంతకం పెట్టి ఇరుక్కున్నవాళ్లు చాలామంది నా దగ్గరికొచ్చి, "తీసుకోకపోతే నోటీసు అందనట్టే కదా మేడమ్" అంటారు. అందినట్టే. సరైన అడ్రసుకు వచ్చిన కవరును వద్దన్నా చట్టం దృష్టిలో మీ చేతికి వచ్చినట్టే లెక్క. పోస్ట్‌మ్యాన్ "రెఫ్యూజ్డ్" అని రాసి తిప్పి పంపిన ఆ కవరును అవతలివాళ్లు ఫైల్లో జాగ్రత్తగా పెట్టుకుంటారు. ఆ తర్వాత ఆర్బిట్రేటర్, అంటే అగ్రిమెంటు ప్రకారం కోర్టు బయట తగాదా తేల్చే మధ్యవర్తి, మిమ్మల్ని ఎక్స్‌పార్టీ చేసి, అంటే మీరు లేకుండానే విచారించి, అవార్డు అనే తీర్పు రాసేస్తాడు.

పెద్ద కంపెనీల ఆర్బిట్రేషన్లు నా దాకా రావు. సివిల్ కోర్టుల్లో ప్రాక్టీసు నాది. వచ్చేవన్నీ వాహన రుణాలు, సబ్ కాంట్రాక్టర్ల బిల్లులు, రైస్ మిల్లు భాగస్వాముల తగాదాలు. ఈ కేసుల్లో రెండు ఫిర్యాదులు ఎప్పుడూ వినిపిస్తాయి. ఒకటి, "ఆర్బిట్రేటర్ వాళ్ల మనిషే" అని. రెండోది, "ఇదంతా మోసం" అని. రెండూ నిజమే కావచ్చు, కానీ కోర్టుకు ఆ మాట చెప్పడానికి ఒక వేళ ఉంటుంది, ఒక సెక్షన్ ఉంటుంది.

1996 నాటి ఆర్బిట్రేషన్ అండ్ కన్సిలియేషన్ చట్టంలో సెక్షన్ 5 ఒక్క వాక్యంలో తేల్చేసింది. ఈ చట్టం ఎక్కడ జోక్యం చేసుకోమని చెప్పిందో అక్కడ తప్ప కోర్టు వేలు పెట్టకూడదు. కాబట్టి "స్టే తెచ్చేస్తాం, ఆపించేస్తాం" అని ఎవరైనా ధీమాగా చెబితే, ఏ సెక్షన్ కింద అని అడగండి. జవాబు రాకపోతే ఫీజు ఇచ్చే ముందు ఇంకోసారి ఆలోచించండి.

ముందు చూడాల్సింది: ఆయన్ని ఎవరు పెట్టారు

కవరు తెరవగానే క్లెయిమ్ ఎంత, వడ్డీ ఎంత అని చూడకండి, అది తర్వాతి సంగతి. ఆర్బిట్రేటర్‌ని ఎవరు నియమించారో చూడండి. ఫైనాన్స్ కంపెనీల అగ్రిమెంట్లలో చిన్న అక్షరాల్లో ఒక క్లాజు ఉంటుంది: వివాదం వస్తే కంపెనీ నియమించే ఏకైక ఆర్బిట్రేటర్ తేలుస్తారని. మీరు సంతకం పెట్టారు కాబట్టి కట్టుబడాల్సిందే అని వాళ్లు అంటారు. ఒకప్పుడు ఆ మాట చెల్లేది, ఇప్పుడు చెల్లదు.

2015 అక్టోబరు 23 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ సెక్షన్ 12(5)ను చేర్చింది. ఏడో షెడ్యూల్లో 19 రకాల సంబంధాలు రాసింది: ఆ పార్టీ ఉద్యోగి, కన్సల్టెంటు, సలహాదారు, వ్యాపార సంబంధం ఉన్నవాడు, అలా. వాటిలో ఏ ఒక్కదానిలో పడినా ఆ వ్యక్తి ఆర్బిట్రేటర్‌గా కూర్చోవడానికే పనికిరాడు. 2017లో టీఆర్ఎఫ్ కేసులో సుప్రీంకోర్టు, తానే అనర్హుడైన మేనేజింగ్ డైరెక్టర్ ఇంకొకరిని నియమించడం కూడా కుదరదంది. 2019 నవంబరులో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో ఇంకో అడుగు వేసి, వివాదం ఫలితంలో ప్రయోజనం ఉన్న పక్షం ఏకైక ఆర్బిట్రేటర్‌ని తానొక్కటే ఎంపిక చేయకూడదని చెప్పింది. 2024 నవంబరు 8న ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం, రైల్వే విద్యుదీకరణ సంస్థ కేసులో, ఆర్బిట్రేటర్ల నియామకంలో ఇరుపక్షాలకు సమానత్వం ఉండి తీరాలని ఖాయం చేసింది.

అంటే, కంపెనీ లెటర్‌హెడ్ మీద "మేము ఫలానా వారిని ఆర్బిట్రేటర్‌గా నియమిస్తున్నాము" అని ఉంటే, ఆయన ఎంత నిజాయితీపరుడైనా సరే, ఆ నియామకమే నిలబడదు. ఆయన పక్షపాతంగా ప్రవర్తించాడని మీరు రుజువు చేయాల్సిన పని కూడా లేదు.

దీనికి ఒకే ఒక్క మినహాయింపు ఉంది. వివాదం మొదలైన తర్వాత, సెక్షన్ 12(5) కింద ఇలా అభ్యంతరం చెప్పే హక్కు వదులుకుంటున్నామని ఇద్దరూ రాతపూర్వకంగా, స్పష్టంగా ఒప్పుకోవాలి. మొదటి వాయిదా రోజు మీ ముందుకు ఒక టైపు కాగితం వస్తుంది, ఆర్బిట్రేటర్ నియామకంపై మాకు అభ్యంతరం లేదని. హాజరు వేయడానికే అన్నట్టు, వేలు పెట్టి చూపించి మరీ సంతకం పెట్టమంటారు. చదవకుండా పెట్టకండి. అభ్యంతరం లేదన్న వాక్యం కనిపిస్తే దాన్ని కొట్టేసి, పక్కన "హాజరు మాత్రమే, అభ్యంతరం ఉంది" అని మీ చేత్తో రాసి అప్పుడు సంతకం చేయండి. ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి.

ఇప్పటికే రెండు మూడు వాయిదాలకు వెళ్లి కూర్చున్నవాళ్లు కంగారు పడక్కర్లేదు. 2019 భారత్ బ్రాడ్‌బ్యాండ్ కేసులో సుప్రీంకోర్టు, హాజరైనంత మాత్రాన, క్లెయిమ్ దాఖలు చేసినంత మాత్రాన ఆ హక్కు పోదంది. ఆ కేసులో తమాషా ఏమిటంటే, ఆర్బిట్రేటర్‌ని నియమించిన కంపెనీయే తర్వాత వచ్చి ఆ నియామకం చెల్లదంది, నెగ్గింది కూడా.

ఏ కోర్టు, ఏ సెక్షన్

ఏడో షెడ్యూల్ అనర్హత అయితే నేరుగా సెక్షన్ 14 కింద కోర్టులో పిటిషన్ వేయొచ్చు. చట్టరీత్యా ఆ వ్యక్తి పని చేయలేడు, ఆయన అధికారం ముగిసిందని ప్రకటించండి అని అడగడం. 2017లో హెచ్ఆర్‌డీ కార్పొరేషన్, గెయిల్ కేసు ఈ దారిని తేటతెల్లం చేసింది. పిటిషన్‌కు అగ్రిమెంటు, ఆర్బిట్రేషన్ కోరుతూ వాళ్లు పంపిన నోటీసు, నియామక లేఖ, మీరు పంపిన అభ్యంతరం, దాని పోస్టల్ రసీదు జత చేయాలి. ఆ చివరి రసీదు చాలామంది దగ్గర ఉండదు. వాట్సాప్‌లో పంపామంటారు. ఈమెయిల్, రిజిస్టర్డ్ పోస్ట్ రెండూ చేయండి.

ఏ ఊరి కోర్టు అన్నది ఇంకో తలనొప్పి. సీటు అంటే ఆర్బిట్రేషన్‌కు చట్టం దృష్టిలో సొంత ఊరు. అగ్రిమెంటులో "సీటు చెన్నై" అని ఉంటే, మీరు ఖమ్మంలో లోను తీసుకుని ఖమ్మంలోనే బండి నడుపుతున్నా, చెన్నై కోర్టుకే వెళ్లాలి. సీటు ఎక్కడుంటే అక్కడి కోర్టుకే అధికారమని సుప్రీంకోర్టు పదేపదే చెప్పింది. విచారణ వీడియోలో జరిగినా సీటు మారదు. ఇది న్యాయమా అంటే, నా మట్టుకు నాకు కాదనే అనిపిస్తుంది. బండి తాకట్టు పెట్టినవాడికి చెన్నైలో వకీలును పెట్టుకునే స్తోమత ఎక్కడిది? కానీ చట్టం ప్రస్తుతానికి అలాగే ఉంది. సీటు మన దగ్గరే అయితే, వివాదం విలువ 3 లక్షలు, అంతకు మించితే కమర్షియల్ కోర్టు చూస్తుంది.

ఈలోగా ఆ ఆర్బిట్రేటరే సెక్షన్ 17 కింద బండిని స్వాధీనం చేసుకోమని ఆర్డరు ఇస్తే, దాని మీద సెక్షన్ 37 కింద అప్పీలు ఉంది. అవార్డు వచ్చేదాకా ఆగక్కర్లేదు.

అనుమానమే కానీ అనర్హత కాదు అన్నప్పుడు

ఐదో షెడ్యూల్ వేరు. అందులో 34 అంశాలున్నాయి. ఉదాహరణకు, గత మూడేళ్లలో అదే పార్టీ లేదా దాని అనుబంధ సంస్థ ఆయన్ని రెండు లేక అంతకు మించిన సార్లు ఆర్బిట్రేటర్‌గా పెట్టడం. ఇది నిష్పాక్షికతపై న్యాయమైన సందేహం కలిగించే విషయం. కానీ ఆటోమేటిగ్గా అనర్హత కాదు. దీని గడువు బిగువైనది. ట్రిబ్యునల్ (అంటే మీ వివాదం వినే ఆర్బిట్రేటర్ లేదా ఆర్బిట్రేటర్లు) ఏర్పడిందని తెలిసిన రోజు నుంచి, లేదా ఆ విషయం మీకు తెలిసిన రోజు నుంచి 15 రోజుల్లో సెక్షన్ 13 కింద కారణాలు రాసి ఆ ఆర్బిట్రేటర్‌కే ఇవ్వాలి. అవును, ఎవరి మీద అనుమానమో ఆయనకే. చాలామందికి ఇది మింగుడుపడదు.

ఆయన కాదంటే? విచారణ సాగుతుంది. మధ్యలో కోర్టుకు వెళ్లే దారి లేదు. అవార్డు వచ్చాక, దాన్ని కొట్టేయమని కోర్టును అడిగే సెక్షన్ 34లో ఈ అభ్యంతరాన్ని మళ్లీ ఎత్తుకోవచ్చు. 2023లో చెన్నై మెట్రో కేసులో ఆర్బిట్రేటర్లు ఫీజు పెంచారని, అది పక్షపాతమేనని, సెక్షన్ 14 కింద తప్పించమని అడిగితే సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఏడో షెడ్యూల్లో లేనిదాన్ని తెచ్చి సెక్షన్ 14లో ఇరికించలేమంది. అలాగని ఫీజును ఆర్బిట్రేటర్ తన ఇష్టానికి నిర్ణయించుకోవచ్చని కాదు. పార్టీల ఒప్పుకోలు లేకుండా అలా చేయకూడదని 2022లో ఓఎన్‌జీసీ కేసులో అదే కోర్టు చెప్పింది.

నేను పంపించే అభ్యంతర లేఖ దాదాపు ఇలా ఉంటుంది. మీ విచారణ ఇంగ్లిషులో జరుగుతుంటే ఇంగ్లిషులో టైపు చేయించండి, విషయం మాత్రం ఇదే:

"ఈ వివాదంలో మిమ్మల్ని క్లెయిమెంట్ కంపెనీ ఒక్కటే ఎంపిక చేసింది. మా సమ్మతి అడగలేదు. వివాదం తలెత్తిన తర్వాత సెక్షన్ 12(5) కింద మాకున్న హక్కును వదులుకుంటూ మేము ఏ ఒప్పందమూ చేసుకోలేదు. కాబట్టి ఆర్బిట్రేటర్‌గా కొనసాగే అర్హత మీకు లేదని మా అభ్యంతరం. సెక్షన్ 12(1) ప్రకారం ఆరో షెడ్యూల్ నమూనాలో మీరు ఇవ్వవలసిన ప్రకటన కాపీని మాకు పంపండి. గత మూడేళ్లలో ఈ కంపెనీ గానీ, దాని అనుబంధ సంస్థలు గానీ మిమ్మల్ని ఎన్ని వివాదాల్లో నియమించాయో అందులో తెలపండి. ఇకమీదట హాజరైనా ఈ అభ్యంతరానికి లోబడే హాజరవుతాము."

కోపం, నిష్ఠూరం, "మీరు అమ్ముడుపోయారు" లాంటి మాటలు వద్దు. ఆ లేఖ రేపు జడ్జి గారు చదువుతారు. ఆరో షెడ్యూల్ ప్రకటనకు జవాబు రాకపోయినా మంచిదే, రాలేదన్న సంగతే మీ రికార్డవుతుంది. ఒక లారీ యజమాని విషయంలో ప్రకటన వచ్చింది, "ఏ సంబంధమూ లేదు" అని. అదే కంపెనీకి అదే ఆర్బిట్రేటర్ ఇచ్చిన వేరే అవార్డులు పక్క కోర్టులో ఈపీల్లో (అవార్డును అమలు చేయమని వేసే పిటిషన్లలో) దాఖలై ఉన్నాయి. సర్టిఫైడ్ కాపీలు తీయించి పెట్టాం. ఆ తర్వాత ఆ కంపెనీ వకీలు రాజీ మాట తనే ఎత్తాడు.

ఒక విషయం నిక్కచ్చిగా చెప్పాలి. వాయిదా ఇవ్వకపోవడం, మీ పిటిషన్ ఒకటి కొట్టేయడం, విసుక్కోవడం, ఇవేవీ పక్షపాతం కావు. మీ సాక్షిని అసలు విననంటే, అవతలివాళ్ల లెక్కలు మీకు చూపించకుండానే పరిగణనలోకి తీసుకుంటే, క్రాస్ ఎగ్జామినేషన్‌కు అవకాశం ఇవ్వకపోతే, అప్పుడు సెక్షన్ 18 మాట్లాడుతుంది: ఇద్దరినీ సమానంగా చూడాలి, తమ వాదన చెప్పుకునే పూర్తి అవకాశం ఇవ్వాలి. అలాంటిది జరిగిన రోజే మినిట్స్‌లో రాయించండి. రాయనంటే, ఆ సాయంత్రమే ఈమెయిల్ పెట్టండి. అభ్యంతరం ఉండీ చెప్పకుండా ముందుకు సాగితే, వదులుకున్నట్టేనని సెక్షన్ 4 అంటుంది.

మోసం అన్న మాట దానంతటదే ఏ పనీ చేయదు

రైస్ మిల్లు భాగస్వామి లెక్కలు తారుమారు చేశాడు, దొంగ ఓచర్లు పెట్టాడు అనుకోండి. "ఇది మోసం, ఆర్బిట్రేటర్ తేల్చలేడు, సివిల్ కోర్టులో దావా వేస్తాం" అని వస్తారు. 2010 ప్రాంతంలో ఈ వాదన నడిచేది. ఇప్పుడు నడవదు. 2016లో తిరునెల్వేలి హోటల్ కేసు వచ్చింది. అన్నదమ్ముల భాగస్వామ్యం, ఒకరు హోటల్ డబ్బును కొడుకు పేరిట చెక్కు రూపంలో మళ్లించారని ఆరోపణ. ఇలాంటి లెక్కల గొడవను ఆర్బిట్రేటరే చూడగలడంది సుప్రీంకోర్టు. 2020లో అవిటెల్ కేసు, అదే ఏడాది డిసెంబరులో విద్యా ద్రోలియా తీర్పు వచ్చాక పరిస్థితి ఇది: మోసం ఆ ఒప్పందం మొత్తాన్నీ, ముఖ్యంగా ఆర్బిట్రేషన్ క్లాజునే చెల్లకుండా చేసేంతదా? లేక అది మీ ఇద్దరి మధ్య వ్యవహారాన్ని దాటి ప్రజలకు సంబంధించినదా? ఈ రెండింటికీ కాదన్నది జవాబైతే ఆర్బిట్రేషన్‌కే వెళ్లాలి. పోలీసు కేసు పెట్టి ఎఫ్ఐఆర్ నంబరు చూపించినా ఆర్బిట్రేషన్ ఆగదు. రెండూ పక్కపక్కన నడుస్తాయి.

మీరు దావా వేశారనుకోండి, అవతలివాళ్లు తమ జవాబు దాఖలు చేసేలోగా సెక్షన్ 8 పిటిషన్ వేసి ఆర్బిట్రేషన్‌కు పంపమంటారు. చెల్లే ఆర్బిట్రేషన్ ఒప్పందం పైపైన చూస్తే ఉన్నట్టు కనిపిస్తే చాలు, కోర్టు పంపేస్తుంది. ఆ దావా ఖర్చు, ఆ కాలం మీకు వృథా.

అసలు సంతకమే మీది కాదంటే అది వేరే సంగతి. జామీనుదారుల్లో ఇలాంటివాళ్లు తగులుతుంటారు, ఎప్పుడో ఇచ్చిన ఆధార్ జిరాక్సు మీద కథ నడిచిపోయి ఉంటుంది. అప్పుడు ఆర్బిట్రేటర్ ముందు సెక్షన్ 16 కింద, మీ జవాబు దాఖలు చేసేలోపే, "ఈ ఒప్పందం నాది కాదు, నా మీద మీకు అధికారం లేదు" అని చెప్పాలి. అసలు ఒప్పందం తెప్పించమని అడగండి, జిరాక్సుతో సరిపెట్టుకోకండి. ఆ కాలం నాటి మీ సంతకాలున్న బ్యాంకు కాగితాలు, రిజిస్ట్రేషన్ దస్తావేజులు ముందే పోగు చేసుకోండి. చేతిరాత నిపుణుడికి పంపమని రాతపూర్వకంగా కోరండి. ఆయన ఒప్పుకోకపోయినా కోరినట్టు రికార్డులో ఉండాలి. ఎందుకంటే 2019 సవరణ తర్వాత సెక్షన్ 34లో కోర్టు ప్రధానంగా ఆర్బిట్రేటర్ ముందున్న రికార్డునే చూస్తుంది. "అప్పుడు చూపించలేదు, ఇప్పుడు చూపిస్తాం" అంటే వినడం అరుదు.

అరుదు అన్నాను, అసాధ్యం అనలేదు. సత్యం కంప్యూటర్స్ వ్యవహారం మనవాళ్లెవరూ మర్చిపోలేదు కదా. దాని వెనకాల ఒక ఆర్బిట్రేషన్ కేసు కూడా ఉంది. వెంచర్ గ్లోబల్ అనే అమెరికా కంపెనీ జాయింట్ వెంచర్‌లోని తన వాటాలను సత్యంకు అప్పగించాలని 2006 ఏప్రిల్‌లో లండన్ అవార్డు వచ్చింది. దాన్ని ఇక్కడి సిటీ సివిల్ కోర్టులో సవాలు చేశారు. కేసు నడుస్తుండగానే 2009 జనవరి 7న, సత్యం లెక్కలు తప్పుడువని ఒప్పుకుంటూ దాని ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ బయటపడింది. ఈ కొత్త వాస్తవాలను పిటిషన్‌లో చేర్చుకుంటామంటే హైకోర్టు కాదంది. 2010లో సుప్రీంకోర్టు సరేనంది. అవార్డు తర్వాత బయటపడిన దాపరికానికీ, అవార్డుకు ఆధారమైన విషయాలకూ లంకె ఉంటే దాన్ని చూడాల్సిందేనని చెప్పింది. ఆ లంకే ముఖ్యం. అవతలివాడు వేరే చోట మోసగాడని తేలినంత మాత్రాన మీ అవార్డు కూలిపోదు. (2012 సెప్టెంబరు 6 తర్వాత చేసుకున్న ఒప్పందాలకు, విదేశంలో సీటు ఉంటే, ఇక్కడ సెక్షన్ 34 సవాలు లేనే లేదు.)

అవార్డు చేతికొచ్చాక

సంతకం చేసిన అవార్డు కాపీ మీ చేతికి అందిన తేదీ రాసుకోండి. గడువు అక్కడి నుంచే లెక్క. మీ వకీలుకు అందితే చాలదు, జిరాక్సు అందినా చాలదు. మూడు నెలలు, కోర్టు క్షమిస్తే మరో 30 రోజులు, ఆ పైన ఒక్క రోజు కూడా లేదు. మూడు నెలలంటే 90 రోజులు కాదు, క్యాలెండరు నెలలు. జనవరి 10న అందితే ఏప్రిల్ 10. ఆ తర్వాతి 30 రోజులు మే 10తో అయిపోతాయి. ఆ చివరి రోజు వేసవి సెలవుల్లో పడితే, కోర్టు తెరిచాక వేస్తామనుకోవద్దు. సరిగ్గా అలాగే చేసిన ఒక పార్టీ పిటిషన్ గడువు దాటిందని 2025 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.

సెక్షన్ 34లో సాక్ష్యాన్ని మళ్లీ తూకం వేయరు. వడ్డీ ఎక్కువైంది, ఆర్బిట్రేటర్ మా మాట నమ్మలేదు లాంటివి పని చేయవు. ఆర్బిట్రేటర్ నియామకం చెల్లదని, మాకు అవకాశం ఇవ్వలేదని, అవార్డు మోసం వల్లో లంచం వల్లో వచ్చిందని, ఇలా చట్టం చెప్పిన కారణాల్లోనే నిలబడాలి. మోసం అంటే తేదీ, వ్యక్తి, కాగితం, దాని వల్ల అవార్డులో ఏ పేరా ఎలా మారింది, అన్నీ రాయాలి. "కుమ్మక్కయ్యారు" అన్న ఒక్క పదంతో పేజీ నింపితే జడ్జి గారు రెండో పేజీ తిప్పరు.

పిటిషన్ వేస్తే అమలు దానంతటదే ఆగుతుందని అనుకోకండి, ఆ రోజులు 2015తో పోయాయి. సెక్షన్ 36 కింద స్టే విడిగా అడగాలి, సాధారణంగా కొంత డబ్బు డిపాజిట్ చేయమంటారు. అయితే 2021 సవరణ ఒక మంచి పని చేసింది. అవార్డుకు ఆధారమైన ఒప్పందం గానీ, అవార్డు ఇవ్వడం గానీ మోసం లేదా అవినీతితో జరిగిందని ప్రాథమికంగా కనిపిస్తే, కోర్టు ఏ షరతూ లేకుండా స్టే ఇవ్వాల్సిందే. నిజంగా ఫోర్జరీ జరిగిన జామీనుదారుడికి ఇది ప్రాణం పోసే నిబంధన.

గడువు కూడా దాటిపోయి, ఈపీ నోటీసు వచ్చాక నా దగ్గరికి వచ్చేవాళ్లూ ఉన్నారు. ఏకపక్షంగా నియమితుడైన ఆర్బిట్రేటర్ అవార్డును అమలు చేయలేమని 2023లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. ఆ తీర్పు పట్టుకుని ఎగ్జిక్యూషన్ కోర్టులో వాదించొచ్చు. కానీ అన్ని కోర్టులూ అదే దారిలో నడుస్తున్నాయని చెప్పలేను. దాని మీద భరోసా పెట్టుకుని సెక్షన్ 34 వదిలేయడం తెలివైన పని కాదు. రాజ్యాంగంలోని ఆర్టికల్ 227 కింద హైకోర్టుకు వెళ్దామా అని కూడా అడుగుతారు. చాలా అరుదైన సందర్భాల్లో తప్ప వద్దని 2021లో భావెన్ కన్‌స్ట్రక్షన్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. నేనైతే మామూలుగా ఆ ఖర్చు పెట్టించను.

చివరికి అవార్డు కొట్టేశారే అనుకుందాం. అప్పు తీరిపోయినట్టు కాదు. కంపెనీ మళ్లీ మొదలుపెట్టొచ్చు. సెక్షన్ 43(4) ప్రకారం ఆర్బిట్రేషన్ మొదలైన రోజు నుంచి కోర్టు ఆర్డరు దాకా గడిచిన కాలాన్ని లిమిటేషన్ (కేసు వేసే గడువు) లెక్కలోంచి తీసేస్తారు. ఈసారి ఆర్బిట్రేటర్‌ని ఇద్దరూ ఒప్పుకుని పెట్టాలి, లేదా సెక్షన్ 11 కింద హైకోర్టు పెడుతుంది. ఈ మధ్యలో దొరికే సమయంలో నేను నా క్లయింట్ల చేత మొదట చేయించేది, లోను ఖాతా పూర్తి స్టేట్‌మెంటు అడిగించడం. బండి వేలంలో ఎంతకు పోయింది, ఆ సొమ్ము ఖాతాలో జమైందా లేదా అన్నది అందులో తెలుస్తుంది.